పరాయి గ్యాలరీలో హసింతో

సాన్ ఎలోయ్ ఫుట్‌బాల్ జట్టు రెండో డివిజన్‌లో పడి పద్నాలుగేళ్లయింది. అన్నేళ్లూ బస్సు మెకానిక్ హసింతో దాని వెంట ఊరూరా తిరుగుతూనే ఉన్నాడు; సొంతూళ్లో ఆట ఉన్న ఆదివారాలు మాత్రం డిపోలో డ్యూటీ పడుతుంది. కొట్లాటల భయంతో పొరుగూరి అభిమానుల్ని ఏ మైదానంలోకీ రానివ్వరు. అందుకని తన జట్టు నీలం చొక్కా ఇంట్లో వదిలేసి, బూడిదరంగు స్వెటర్ తొడుక్కుని, చంకలో మాతే టీ ఫ్లాస్కు ఇరికించుకుని, ఆ ఊరివాడిలాగే వెళ్లి ఆ ఊరివాళ్ల మధ్య కూర్చుంటాడు. తనవాళ్లు గోల్ కొడితే అందరికంటే ముందు నుదురు కొట్టుకుని, "ఛీ! ఇచ్చేశార్రా గోలు, వెధవలు!" అని తిడతాడు. తిట్టకపోతే దొరికిపోతాడు మరి. తనవాళ్ల మీద అవతలివాళ్లు గోల్ కొడితే పళ్లు బిగబట్టి చప్పట్లు కొడతాడు. ఇంటికొచ్చి కడుపు మంటకి మందు వేసుకుంటుంటే భార్య నెలీదా, "నిన్నెవరు వెళ్లమన్నారయ్యా?" అంటుంది.

మొన్న ఆదివారం పై డివిజన్‌కి చేర్చే ఆఖరి ఆట సొంతూళ్లోనే జరిగింది. హసింతో సెలవు పెట్టి, నీలం చొక్కా వేసుకుని గ్యాలరీలో తన పాత మెట్టు మీద, స్నేహితుడు తొరీబియో పక్కన కూర్చున్నాడు. ఎనభై తొమ్మిదో నిమిషంలో సాన్ ఎలోయ్ గోల్ కొట్టింది. గ్యాలరీ అంతా ఎగిరి గంతేసింది. హసింతో నుదురు కొట్టుకుని, "ఛీ! ఇచ్చేశార్రా గోలు, వెధవలు!" అని అరిచాడు.

తొరీబియో బిత్తరపోయాడు. "ఒరేయ్, కొట్టింది మనమేరా!"

"తెలుసురా," అన్నాడు హసింతో, నుదుటి మీంచి చెయ్యి తీయకుండానే. "ఇంకోలా అరవడం రావట్లేదు."