కొన వంగని చెట్టు

టర్కీలోని బుర్సా నగరపు నర్సరీలో సబిహా చెట్టును ఎన్నుకునే తీరే వేరు. అరవై దాటిన ఆ బక్కపలుచని ఇల్లాలు సైప్రస్ మొక్కల వరుసలో ఒక్కొక్కదాని ముందు ఆగి, మునివేళ్లపై లేచి, దాని కొనను జపమాల పూసలా తడిమేది. రవ్వంత వంగి ఉన్నా వదిలేసేది. కొన వంగిన సైప్రస్ బొమ్మను ఆ ఊరివారు సమాధిరాళ్లపై చెక్కిస్తారు. దైవాజ్ఞకు తలవంచిన ప్రాణానికి అది గుర్తు. ఆమె భర్త హాలిత్ ఆ రాళ్లు చెక్కినవాడే. ఇప్పుడు మంచాన పడి, సన్నని కిటికీలోంచి గోడ అవతలి సమాధులను పేరుపేరునా పలకరిస్తున్నాడు. ఈమధ్య జవాబులు కూడా వింటున్నాడు. పెరడేమో చాపంత. ఆ చూపుకు అడ్డంగా సన్నగా, ఎత్తుగా, శీతకాలంలోనూ ఆకు రాల్చని చెట్టొకటి ఆమెకు కావాలి.

"పెళ్లికొడుకునైనా ఇంత పరీక్షగా చూసి ఉండవక్కా!" అన్నాడు నర్సరీ జెమాల్.

"చూసి ఉంటే ఆ రాళ్లు కొట్టేవాణ్ణి చేసుకునేదాన్నా? వాగుడాపి ఆ నిటారుదాన్ని బండెక్కించు."

మధ్యాహ్నానికి చెట్టు కిటికీ ముందు నిలిచింది, సమాధులు కనుమరుగయ్యాయి. గాలి లేదు. ద్రాక్షపందిరిపై ఒక్క ఆకైనా కదలలేదు. ఆమె చేతులు కడుక్కుని తిరిగి చూసేసరికి, ఉదయం వేళ్లకు సూదిలా తగిలిన ఆ కొన కిటికీ వైపు వంగి ఉంది. గబగబా వెళ్లి నిలబెట్టింది. చేయి తీయగానే అది మెల్లగా మళ్లీ వంగింది.

లోపల హాలిత్ ఎన్నాళ్లకో నవ్వాడు.

"పైవాడూ చేయి తిరిగినవాడే సబిహా! కొన ఎంత బాగా వంచాడో చూడు. పేరొక్కటే ఇంకా చెక్కలేదు."