సిరా అంటని కాగితం

మొన్న జగ్గయ్యపేటలో బ్యాంకుకు వెళితే, చూపు లేని ఒక ఉద్యోగి కంప్యూటరు ముందు కూర్చుని చకచకా పని చేసుకుపోతున్నాడు. అతను ఏ అక్షరం నొక్కితే ఆ అక్షరాన్ని యంత్రం చెవిలో చెబుతుందట. ఇంటికొచ్చి ఆ సంగతి మా అక్కకు చెప్పాను.

"తప్పు కొడితే అప్పుడే చెబుద్దా?" అని అడిగింది.

చెబుతుందన్నాను. ఊఁ అని, మళ్ళీ చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ కూర్చుంది.

అక్కకు చదువుకునే రోజుల్లోనే జ్వరమొచ్చి చూపు పోయింది. అవి డెబ్బయ్యో దశకం చివరి రోజులు. మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఉద్యోగం కావాలంటే టైపు రావాల్సిందేననుకునేవారు, ఏ ఊరి బజారులో నడిచినా ఏదో ఒక మేడ మీంచి టకటకమని చప్పుడు వినిపించేది. నాన్న అక్కను, తోడుగా నన్ను, నందిగామలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేర్చారు. మాస్టారు ముందు తటపటాయించినా, టైపు ఎలాగూ మీటలకేసి చూడకుండానే కొట్టాలి గదా అని ఒప్పుకున్నారు. నేను పాఠం చదువుతుంటే అక్క కొట్టేది; కొన్నాళ్ళకు నా చదువు ఆమె వేళ్ళను అందుకోలేకపోయింది. బస్సులో కూడా ఒళ్ళోని టిఫిను డబ్బా మూత మీద వేళ్ళు ఆడిస్తూనే ఉండేది.

అలా ఉండగా ఆ ఊళ్ళోనే ఒక ప్లీడరుగారికి టైపిస్టు కావాలని తెలిసి, మాస్టారే మమ్మల్ని పంపించారు. నాన్నా నేనూ వరండాలో కూర్చున్నాం. లోపల ఆయన చెబుతుంటే అక్క కొడుతోంది. వరస చివర గంట మోగడం, క్యారేజిని వెనక్కి తోయడం, ఎక్కడా తడబాటు లేదు. నాన్న ముఖం అంత తేటగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. చప్పుడు ఆగింది. ఎంతకీ మాట వినిపించకపోతే లోపలికి వెళ్ళాం.

"ఏమీ పడలేదమ్మా, కాగితం తెల్లగానే ఉంది," అంటున్నారాయన.

అక్క కాగితం తీసుకుని వేలితో తడిమింది. "పడ్డాయండి. చేతికి తగులుతున్నాయిగా," అంది.

అంతకుముందు ఎవరో నకళ్ళు తీసే స్టెన్సిల్ కొట్టడానికి, సిరా రిబ్బను అడ్డు రాకుండా మీట తిప్పి అలాగే వదిలేశారు. అప్పుడు అక్షరాలు కాగితాన్ని నొక్కుతాయే గానీ సిరా అంటదు. చూపున్నవాళ్ళయితే మొదటి మాటకే చూసి సరిచేసుకునేవాళ్ళు. మళ్ళీ కొట్టిస్తారేమోనని నిలబడ్డాం. ఆయన చెడ్డవారేం కాదు, మా ముగ్గురికీ టీ తెప్పించారు.

"కోర్టు కాగితాలు గదండీ. ప్రతిసారీ పక్కన ఒకళ్ళు కూర్చుని చూడాలంటే కుదరదు," అని నాన్నతో చెప్పారు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అక్క టిఫిను డబ్బాను నా ఒళ్ళో పెట్టేసింది. మర్నాడు టైపు క్లాసుకు నేను తయారై నిలబడితే, "నువ్వెళ్ళవే, నేన్రాను," అంది అక్క. ఏడుస్తుందేమో అనుకున్నాను, ఏడవలేదు. నాన్న బలవంతపెట్టలేదు. తర్వాత ఆ టైపుతోనే నాకు ఉద్యోగం వచ్చింది, రిటైరు కూడా అయ్యాను. అక్క నా దగ్గరే ఉంటోంది. ఆ రోజు సంగతి మేమెప్పుడూ మాట్లాడుకోలేదు.

మేం టైపు నేర్చుకున్న మేడ మీద ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టు ఉంది. దాని ముందు నిలబడితే బాధేస్తుందనుకున్నాను, ఏమీ అనిపించలేదు. కాలం మారింది, మంచికే మారింది. అయితే అది మారేసరికి మా అక్క కోరుకోవడమే మానేసింది.