చిల్లులో కనిపించిన రంగు

తొంభై ఏడో సంవత్సరం, ఆషాఢంలో ఒక మంగళవారం, పగలు పదకొండుంబావు. కరెంటు పదకొండింటికి పోయి పదకొండున్నరకు వచ్చింది. ఈ సంగతి ఆ అరగంట నడుమే మొదలైంది కాబట్టి టైము విషయంలో నాకు అనుమానం లేదు.

అప్పుడు నేను చిక్కడపల్లిలో ఒక చిన్న డీటీపీ షాపులో పని చేసేదాన్ని. కంప్యూటరు రాకముందు అదే షాపులో స్క్రీన్ ప్రింటింగుకు ఫిల్ము కోసేదాన్ని. బొమ్మలో ఎన్ని రంగులుంటే అన్ని ఫిల్ములు. ముఖానికి ఒకటి, చీరకు ఒకటి, జుట్టుకు ఒకటి, అన్నీ బ్లేడుతో కోసి తీయాలి. కంప్యూటరు కొన్నాక ఓనరు నన్నే దాని ముందు కూర్చోబెట్టారు. "బ్లేడు బదులు మౌస్ పట్టుకున్నానని అనుకోమ్మా, అంతే" అన్నారు. ఆయనది గుంటూరు వైపు. చెప్పినట్టే, పెద్ద తేడా లేదు. వెక్టర్ బొమ్మ అంటే గీత గీసి, ఆ గీతను మూసి, లోపల ఒకే రంగు నింపడం. నీడ ఉండదు, మెరుపు ఉండదు. నాకు చదువు ముప్పై ఏళ్లు దాటాక, బస్తీలో పెద్దవాళ్ల కోసం పెట్టిన బడిలో వచ్చింది. అంకెలు తొందరగానే పట్టుబడ్డాయి. అక్షరాలను మాత్రం ఒక్కొక్కటే కూడబలుక్కోవాల్సి వచ్చేది.

మా షాపులో మనుషుల ఒంటికి మూడే రంగులు. వాటికి పేర్లు పెట్టి కంప్యూటర్లో దాచుకున్నాం. పెళ్లి రంగు, ఆఫీసు రంగు, పొలం రంగు. శుభలేఖల మీది వధూవరులకు గులాబీ లాంటి పెళ్లి రంగు. టై కట్టుకున్నవాళ్లకు గోధుమ లాంటి ఆఫీసు రంగు. రైతుకు, కూలీకి, రోగికి పొలం రంగు. ఇందులో తప్పుందని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. నా ఒంటిది మూడో రంగే.

ఆ వారం నారాయణగూడలోని ఒక దవాఖాన నుంచి గోడకు తగిలించే చార్టు పని వచ్చింది. కుష్ఠు గురించి. ఆ మాట మా ఇళ్లలో బయటికి అనరు, పెద్దరోగం అంటారు. ఒంటి మీద మచ్చ ఎలా ఉంటుందో బొమ్మలో చూపించాలి. నేను పొలం రంగులో ఒక మనిషిని గీసి, భుజం మీద సున్నం కొట్టినట్టు తెల్లటి మచ్చ పెట్టాను. నాకు తెలిసిన మచ్చ అదే.

తెర మీద కనిపించే రంగు అచ్చులో రాదు. తెర మీద గోధుమగా ఉన్న ముఖం ప్రెస్సు నుంచి కామెర్లు వచ్చినట్టు తిరిగొస్తుంది. అందుకని మేము అచ్చు వేసిన రంగుల కార్డు పెట్టుకునేవాళ్లం. దాని నిండా చిన్న చిన్న గడులు, ఒక్కో గడి కింద ఏ సిరా ఎంత కలిసిందో అంకెలు. ఫిల్ము కోసిన అలవాటు కొద్దీ నేను ప్రతి గడి నడుమ బ్లేడుతో ఒక చిల్లు తీశాను. కార్డు చేతి మీద పెడితే చిల్లులోంచి చర్మం కనిపిస్తుంది. గడి రంగూ చర్మం రంగూ కలిసిపోయి చిల్లు మాయమైతే, అదే ఆ మనిషి రంగు.

కరెంటు పోయేసరికి అందరం వెలుతురు కోసం షాపు మెట్ల మీదికి వచ్చాం. ఓనరు, చార్టు ప్రూఫూ రంగుల కార్డూ పట్టుకుని నేను, మా దగ్గర టైపింగు చేసే పిల్ల. ఆమె అశోక్ నగర్ హాస్టల్లో ఉంటూ సర్కారు పరీక్షలకు చదువుకునేది, ఖర్చుల కోసం రోజూ ఒక పూట మా దగ్గరికి వచ్చేది. కూతురి శుభలేఖ ప్రూఫ్ కోసం వచ్చిన పెద్దమనిషి ఒకాయన బెంచీ మీద కూర్చున్నాడు.

"అమ్మా, పెళ్లికూతురు బొమ్మ జర తెల్లగ వెయ్యి. మొన్నటి ప్రూఫుల నల్లగ వడ్డది. వియ్యాలవారి ముంగట ఇజ్జత్ పోతది" అన్నాడు.

"బొమ్మకే గింత పరేషానైతే ఎట్లంకుల్? పెళ్లి బొమ్మకా, పిల్లకా?" అంది టైపింగు పిల్ల.

"నీ నోటికి లగ్గమెట్లయితదో గది చూసుకో ముందు" అన్నాడాయన. ఓనరు కూడా నవ్వారు.

నవ్వుతూనే నేను కార్డు తీసి ఆ పిల్ల చేతి మీద పెట్టాను. ఆఫీసు రంగుకు కొంచెం దగ్గర. తర్వాత నా ఎడమ చేతి మీద పెట్టుకున్నాను. మణికట్టు దగ్గర చిల్లు మాయమైంది. కార్డును మోచేతి వైపు జరిపాను. చిల్లు మళ్లీ కనిపించింది. కిందికి జరిపితే పోయింది, పైకి జరిపితే వచ్చింది. మోచేతికి కాస్త కింద, జాకెట్టు చెయ్యి అంచు దాటగానే, రూపాయి బిళ్ల కన్నా పెద్దగా ఒక చోట నా రంగు నా రంగులా లేదు. తెల్లగానూ లేదు. నీళ్లు ఎక్కువైన టీలా వెలిసి ఉంది, అంతే. కార్డు లేకపోతే ఆ రోజు కూడా చూసేదాన్ని కాదు.

ముందు సిరా కడిగే థిన్నర్ పడి వెలిసిందనుకున్నాను. అంతలో ఒడిలో ఉన్న చార్టు ప్రూఫు మీదికి చూపు పోయింది. ఆ పిల్ల టైపు చేసిన అక్షరాలు. అంతకుముందు నేను బొమ్మ వరకే చూసేదాన్ని, రాత నాకు సంబంధం లేదు. ఆ రోజు కూడబలుక్కున్నాను. మచ్చ. మీద. తాకితే. తెలియదు. చదవడం రాని రోజుల్లో అయితే ఆ కాగితం మడిచి పక్కన పెట్టేదాన్ని.

పక్క కొట్టు చాయ్ అన్న తీగల బుట్టలో గ్లాసులు పట్టుకుని వచ్చాడు. నా గ్లాసు అంచు పట్టుకోలేనంత కాలుతోంది. ఎవరూ చూడకుండా దాన్ని మచ్చకు ఆనించాను. ఏమీ తెలియలేదు. కాస్త పక్కకు ఆనించాను. చురుక్కుమంది. మళ్లీ మచ్చ మీద పెట్టి అట్లాగే ఉంచాను. గాజు గ్లాసు గోడకు ఆనినట్టు ఉంది, నా ఒంటికి కాదు.

ఇదివరకు మా బస్తీలో ఒకామెకు ఈ రోగం వస్తే ఆమె చెంబు, కంచం బయట పెట్టారు. తర్వాత ఆమెనూ బయట పెట్టారు. నా కళ్ల ముందు ఆ చెంబే ఉంది.

"ఖాళీ గ్లాసు ఇయ్యక్కా" అన్నాడు చాయ్ అన్న, అందరూ తాగాక. అతడు అన్ని గ్లాసులనూ ఒకే బకెట్టులో ముంచి తీస్తాడు. నా గ్లాసును ఇవ్వలేకపోయాను. మెట్టు మీద జారవిడిచాను, పగిలిపోయింది.

"ఏందక్కా, గ్లాసు మీద గుస్సా ఏంది? ఇంట్ల ఎవ్వరితో కొట్లాడినవ్?"

"జారింది తమ్మీ" అన్నాను. గాజు పెంకులు నేనే ఏరాను. అతణ్ని ముట్టనివ్వలేదు.

కరెంటు వచ్చింది. నేను వెళ్లి కుర్చీలో కూర్చున్నాను గానీ మౌస్ మీద చెయ్యి పెట్టలేదు. పొద్దున్నుంచీ అందరూ ముట్టుకున్న మౌస్ అది. ఉద్యోగం ఇవాళ పోతుందా, రేపు పోతుందా అని ఒకటే ఆలోచన. కొంగు తీసి మోచేతి మీదికి కప్పుకున్నాను.

అప్పుడు చార్టు పని ఇచ్చిన దవాఖాన మేడం వచ్చింది. నూలుచీర, భుజాన సంచీ, చెమట. తెర మీద బొమ్మను చూడగానే తల అడ్డంగా ఊపింది.

"గిట్ల సున్నమోలె ఉండదమ్మా. ఇది బొల్లి అనుకుంటరు. మచ్చ ఉన్నోళ్లు ఇది చూసి, నాది గిట్ల లేదు గద అని ఇంట్లనే కూసుంటరు. ఇంకోటి, ఈ రోగం పొలం పనోళ్లకే వస్తదా? టై కట్టుకున్నాయనకు రాదా? ఆయనకు కూడ పెట్టుండ్రి. ఎర్రటి ఒంటి మీద మచ్చ జర ఎర్రగుంటది. నల్లటి ఒంటి మీద వెలిసినట్టుంటది."

"వెలిసినట్టు అంటే ఎంత మేడం?" అని అడిగారు ఓనరు. "మాకు అంకెలు కావాలి కదండీ. చూడకుండా ఎలా వేస్తాం?"

మేడం సంచీలో ఫొటో కోసం వెతకసాగింది. అది దొరికితే నేను తప్పించుకోవచ్చు. దొరకకూడదనీ, దొరకాలనీ అనుకుంటూ ఆ సంచీనే చూస్తున్నాను. ఇంటికి పోయి ఈ భయంతో ఒంటరిగా పడుకోవడం తలుచుకుంటే అది ఇంకా పెద్ద భయంగా తోచింది. కొంగు తీసేశాను.

"గిట్లనా మేడం?"

ఆమె నా ముఖం చూడలేదు, చెయ్యి చూసింది. సంచీలోంచి దూది తీసి కొసను సన్నగా మెలిపెట్టింది. "కండ్లు మూసుకో. ఎక్కడ తాకుతున్ననో వేలుతోని చూపెట్టు." మూసుకున్నాను. ఇక్కడ, ఇక్కడ అని చూపించాను. తర్వాత ఆమె ఆపేసిందనుకుని ఎదురు చూశాను. ఎంతకీ తాకదేమని కళ్లు తెరిస్తే, దూది మచ్చ మీదే ఉంది.

బెంచీ కిర్రుమంది. శుభలేఖ పెద్దమనిషి చెప్పులు వేసుకుని బస్సు వస్తోందంటూ దిగిపోయాడు. ఓనరు కుర్చీ వెనక్కి జరిగింది. ఆయన మౌస్ వైపు చూస్తూ, "మేడం, మరి ఈ వస్తువులూ అవీ…" అని ఆగిపోయారు.

మేడం తన చేతిని మౌస్ మీద పెట్టింది. "ముట్టుకుంటే అంటేది కాదు సార్. గోలీలున్నయి, మా దగ్గర ఉత్తగనే ఇస్తరు. మొదలు పెడితె ఇంక ఎవ్వరికి అంటదు. ఈమె మంచిగ టైముకు చూసుకున్నది." నా వైపు తిరిగి, "పని అయిపోగానే నాతోని నడువు. డాక్టరు గారు చూస్తరు. నారాయణగూడ ఎంత దూరం?" అంది.

"పనెందుకు మేడం, ఇప్పుడే పోండ్రి" అంది టైపింగు పిల్ల. అప్పటికి నా మోచెయ్యి ఆమె చేతిలోనే ఉంది. ఎప్పుడు పట్టుకుందో నాకు తెలియదు, ఆమె పట్టుకున్న చోట నాకు స్పర్శ లేదు.

పని చేసే వెళ్తానన్నాను. ఆ పిల్ల కార్డు పట్టుకుని చిల్లులు ఒక్కొక్కటే మచ్చ మీద జరిపింది. ఒక గడి దగ్గర చిల్లు మాయమైంది. అంకెలు చదివి చెప్పింది. ఆ అంకెలే కొట్టి, సున్నపు మచ్చను తీసేసి ఆ రంగు నింపాను. పొలం రంగు పేరును కూడా అప్పుడే చెరిపేశాను. దాని స్థానంలో మా ఓనరే, "మామూలు రంగు అని పెట్టమ్మా" అన్నారు. ఆయన కుర్చీ ముందుకు జరిగింది.

డాక్టరు కూడా కుష్ఠేనన్నాడు. గోలీలు నెలల తరబడి మింగాను. దవాఖాన వరండాలో నా నంబరు కోసం కూర్చున్నప్పుడల్లా తల మీద ఆ చార్టు ఉండేది. పక్కవాళ్లు అందులోని మచ్చను చూసి తమ చేతులు తిప్పి చూసుకునేవాళ్లు. రోగం పోయింది. మచ్చ మీద ఇప్పటికీ వేడి తెలియదు. భయం కూడా పూర్తిగా పోలేదు, స్నానం చేసేటప్పుడు ఒళ్లంతా వెతుక్కుంటాను.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు వీళ్లు: ప్రూఫు తీసుకోకుండానే వెళ్లిపోయిన శుభలేఖ పెద్దమనిషి, కుర్చీ వెనక్కి జరిపి మళ్లీ ముందుకు జరుపుకున్న ఓనరు, నా మోచెయ్యి వదలని టైపింగు పిల్ల, మౌస్ మీద చెయ్యి పెట్టిన దవాఖాన మేడం, సంగతి తెలిసి కూడా సాయంత్రం నాకు అందరి గ్లాసుల్లోంచే ఒకటి తీసి టీ పోసిన చాయ్ అన్న, నేను.