తమ్ముడు నవ్విన వానాకాలం

మొన్న ఉప్పల్‌లో మెట్రో దిగి నడుస్తుండగా, నీళ్ల క్యాన్లు దింపుతున్న ఆటో దగ్గర ఒక ఇల్లాలు గ్లాసులో నీళ్లు పోయించుకుని, ఎండకు ఎత్తి అటూ ఇటూ తిప్పి చూస్తూ కనిపించింది. ఆమె వెళ్లిపోయాక కూడా నేను అక్కడే కాసేపు నిలబడిపోయాను. మా అక్క అచ్చం అలాగే చూసేది.

ప్రత్యేక రాష్ట్రం రావడానికి ముందు నాచారంలో, ఫ్యాక్టరీల వెనుక వీధుల్లో కాపురమున్న నా ఈడు వారికి ఆ చూపు కొత్త కాదు. నల్లాలో మంజీర నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి. బోరు నీళ్లు పసుపు రంగు తేలి, తుప్పు వాసన వేసేవి. నీటిని అనుమానించడం అక్కడ మంచి గృహిణి లక్షణం.

మేము ముగ్గురం. పెద్దది అక్క, నడుమ నేను, ఆఖరువాడు తమ్ముడు. వాడికి పందొమ్మిదో ఏట, పాలిటెక్నిక్ చదువుతుండగా, స్కిజోఫ్రెనియా వచ్చింది. ఆ పేరు మాకు తరువాత తెలిసింది. ముందు స్నానం మానేశాడు, ఆపై కాలేజీ, చివరకు మాట. బంధువులు బద్ధకమన్నారు, కానీ గడప దాటని మగపిల్లవాడు నలుగురి కళ్లలో పడకుండా ఉండడు కనుక, ఆ ఏడాదే దవాఖానాకు చేరాడు. స్నానం చేయకపోవడం, మాట్లాడకపోవడం, మంచం దిగకపోవడం అనే మూడు గుర్తులను అమ్మ వాడి దగ్గర నేర్చుకుని, అవి మాలో ఎక్కడ పొడసూపుతాయోనని ఎనిమిదేళ్ల పాటు మమ్మల్ని కనిపెట్టుకుని ఉంది.

ఆ కొలతకు అక్కంత ఆరోగ్యవంతురాలు లేదు. ముప్పై రెండేళ్ల మనిషి, రెండు వీధుల అవతల కాపురం. రెండు పూటలా స్నానం, నలుగురికి వంట, మధ్యాహ్నం జాకెట్లు కుట్టడం, నోరు మూయని కబుర్లు. నీళ్లు మాత్రం మూడుసార్లు వడగట్టి, కాచి, గ్లాసును కిటికీ వెలుగుకు పట్టి చూసేది. ఉప్పల్‌లో స్పేర్‌పార్ట్స్ దుకాణం నడిపే బావకు అది గర్వకారణం. “మీ అక్క పరీక్ష వెడ్తది మరదలా, పాసైన నీళ్లే మా ఇంట్ల అడుగువెడ్తయ్” అని నవ్వేవాడు. అంతగా వడగట్టిన నీళ్లను కూడా ఆమె తాగడం లేదని, పెదవులు తడుపుకుని వదిలేస్తోందని, ఆ ఎండాకాలమంతా పెదవులు పగిలి ఉన్నా మాకెవరికీ తోచలేదు.

ఒకనాడు అమ్మ ఇంట్లో అందరం అన్నాలు తింటున్నాం. అక్క వడ్డిస్తూ వడ్డిస్తూ పక్కింటి గోడ వైపు తల వంచి ఆగింది. వారానికి నాలుగు మాటలైనా ఆడని తమ్ముడు ముద్ద దించి అడిగాడు.

“అక్కా, ఏమంటున్నరు?”

ఎవరైనా అడిగితే బాగుండునని ఎన్నాళ్ల నుంచో చూస్తున్నదానిలా అక్క వెంటనే చెప్పింది. “నీళ్లల్ల మందు కలిపినమంటున్నరు తమ్మీ. నీకు గుడ వినొస్తదా?”

“నాకు నీళ్ల ముచ్చట జెప్పరు. లేవకు, పండుకో అంటరు.”

అమ్మ కంచం పక్కకు జరిపి లేచి, అక్క ముఖాన్ని తన వైపు తిప్పుకుంది.

ఆ వారమే బావ అక్కను దవాఖానాకు తీసుకుపోయాడు. అక్కదీ తమ్ముడి జబ్బేనని తేలింది. అందరి విషయంలో ఇలాగే ఉంటుందని కాదు గానీ, ఈ జబ్బు మగపిల్లలకు తరచు చిన్న వయసులోనే వచ్చి ముందు చురుకుదనాన్ని తినేస్తుందని, ఆడవాళ్లలో చాలామందికి ఆలస్యంగా, ఇంటిపని సాగుతుండగానే భయంగా, అనుమానంగా మొదలవుతుందని డాక్టరమ్మ వివరించింది. బావ తల్లి మాత్రం, నయమయ్యేదాకా కోడలు పుట్టింట్లోనే ఉండాలంది. నయం కాకపోతే ఏమిటోననుకుంటూనే అక్క బట్టలు సర్దాం.

అలా ఆ వానాకాలం అక్క మా ఇంట్లో ఉంది. రాత్రి భోజనాలయ్యాక అక్కాతమ్ముళ్లు పక్కపక్కన కూర్చుని, అమ్మ ఇచ్చిన మాత్రలు వేసుకునేవారు. “అమ్మ ఆస్తి పంచింది తమ్మీ. ఆడపిల్లనని నాకు తక్వ వెట్టలే, సూడు” అని ఒకనాడు అక్క మాత్రలున్న అరచేయి చాపితే తమ్ముడు పడీపడీ నవ్వాడు. ఎనిమిదేళ్ల తరువాత విన్న ఆ నవ్వును నేను డైరీలో రాసుకున్నాను. రాసుకోకపోయినా మరిచేదాన్ని కాదు. వాళ్లిద్దరూ గోడల మాటలను, గిట్టని చుట్టాల గురించి చెప్పుకున్నట్టు చెప్పుకునేవారు. మాకెవరికీ రాని ఆ భాషలో వాడికి ఒక తోడు దొరికింది.

బతుకమ్మ ముందు బావ వచ్చాడు. తల్లిని ఒప్పించాడో, ఎదిరించాడో చెప్పలేదు. “ఇల్లు ఇల్లు లెక్క లేదు, పోదాం నడు” అన్నాడంతే. తన చేయి కోసం ఆగిన పొయ్యి, సగం కుట్టిన జాకెట్లు, ఎదురుచూసే మనిషి ఉన్నాయి కనుక అక్క వాటిలోకి తిరిగి వెళ్లగలిగింది. తమ్ముడికి అవేవీ అమరక ముందే జబ్బు వచ్చింది. తిరిగి వెళ్లడానికి వాడి వెనుక ఏదీ లేదు. బావ బండి మలుపు తిరిగాక కూడా వాడు చాలాసేపు గేటు పట్టుకునే ఉన్నాడు.

ఇప్పుడు ఆ వీధి నిండా అపార్ట్‌మెంట్లు. అక్క వాళ్లు నాగారంలో ఇల్లు కట్టుకున్నారు. మాత్రలు మానలేదు, మళ్లీ గోడ వైపు తల వంచలేదు. పండుగలకు వచ్చి, ఆ తరువాత పుట్టిన కూతురి చదువు గురించి చెప్పి, పొద్దుగూకక ముందే వెళ్లిపోతుంది. తమ్ముడికి నలభై దాటాయి. చెప్పినప్పుడు స్నానం చేస్తాడు, పెట్టింది తింటాడు, ఏ గొడవా లేదు, నవ్వూ లేదు. ఆ వానాకాలం మళ్లీ రావాలనుకోవడమంటే అక్కకు మళ్లీ ఆ జబ్బు రావాలనుకోవడమే కనుక, నేను అనుకోను. అనుకోకుండా ఉండటానికి మాత్రం ప్రతి ఏడూ తొలి చినుకు పడ్డనాటి నుంచి ప్రయత్నించవలసి వస్తోంది.