ఆగిన పని ముందు చెప్పమన్న మావయ్యగారు

మొన్న మంగళవారం పొద్దున్న రాయ్‌పూర్‌లో మా ఆఫీసులో అందరం నిలబడి ఆ రోజు పనులు చెప్పుకుంటూ ఉండగా భిలాయి రుఆబాంధా నుంచి ఫోన్ వచ్చింది. మావయ్యగారి అమ్మాయి. "నాన్న వెళ్ళిపోయారు దీదీ. నిద్దర్లోనే," అంది. ఫోన్ పెట్టేసి మళ్ళీ అందరి మధ్యకీ వెళ్ళాను. నా వంతు వచ్చిందని ఎవరో గుర్తు చేశారు. ఏం చెప్పానో ఇప్పటికీ గుర్తు రావడం లేదు.

ఆయన మాకు చుట్టం కాదు. మా నాన్నా ఆయనా విజయనగరం వైపు పక్కపక్క ఊళ్ళ నుంచి ఒకే ఏడాది భిలాయి వచ్చి స్టీలు ప్లాంటులో చేరారు. మాది సెక్టర్ 4 క్వార్టరు, వాళ్ళది రుఆబాంధా. వాళ్ళు ఆదివారం ప్రార్థనకి వెళ్ళేవారు, మేము గుడికి వెళ్ళేవాళ్ళం, భోజనాలు మాత్రం ఎవరింట్లో కూర బాగుంటే అక్కడ. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన మావయ్యే. షిఫ్టు ఇన్‌ఛార్జిగా రిటైరయ్యాక కూడా రోజూ పొద్దున్నే బూట్లు పాలిష్ చేసుకునేవారు. ఎక్కడికి మావయ్యా అని అడిగితే, "ఎక్కడికీ నేదమ్మా. మనం రిటైరయిపోనామని బూట్లకి తెలీదు కదా," అనేవారు. చొక్కా జేబులో పెన్ను ఉండేది కాదు, సుద్దముక్క ఉండేది. ఇనుము మీద గుర్తులు పెట్టీ పెట్టీ ఆ చేతికి పెన్ను ఆనేది కాదట.

రాయ్‌పూర్ రాజధానిగా కొత్త రాష్ట్రం వచ్చిన కొత్తలో నాకు భిలాయిలోనే మొదటి ఉద్యోగం దొరికింది. స్టేషనరీ కొట్టు మేడమీద రెండు గదుల సాఫ్ట్‌వేర్ కంపెనీ, అందులో మేం ఐదుగురం. యజమానిని భయ్యా అని పిలిచేవాళ్ళం. ఆయన బెంగుళూరులో కొన్నాళ్ళు పనిచేసి, వస్తూ వస్తూ ఎజైల్ అనే కొత్త పద్ధతి పట్టుకొచ్చాడు. పనిని చిన్న ముక్కలు చేసి ఒక్కో ముక్కని ఒక్కో కార్డు మీద రాసి గోడకి అంటించాలి. రెండు వారాలకోసారి తయారైనంత మటుకు, పని చేయించుకుంటున్న వాళ్ళకి చూపించాలి. రోజూ పొద్దున్న అందరూ నిలబడి ఎవరి పని ఎక్కడుందో చెప్పుకోవాలి. ఇదంతా చూసుకునే బాధ్యత అందరికంటే చిన్నదాన్నయిన నాకు అప్పజెప్పాడు. నా మీద నమ్మకం కాదు. మిగతావాళ్ళకి ప్రోగ్రాం రాయడం బాగా వచ్చు, నాకు అంతంతమాత్రం.

మొదటి వారం నన్ను ఎవరూ లెక్కచేయలేదు. ఏమయిందని అడిగితే అందరిదీ ఒకటే జవాబు, "హో జాయేగా", అయిపోతుందిలే అని. నేను కూడా బుద్ధిగా ఆ కార్డు తీసి 'అయిపోయినవి' వైపు అంటించేదాన్ని. ఇంటికొచ్చి ఏడుపు మొహం పెడితే నాన్న, "మీ మావయ్యనడుగు. అంతమందిని ఎలగ నడిపినాడో ఆయనే చెప్తాడు," అన్నాడు.

మావయ్యగారు అంతా విని, టీ సాసర్లో పోసుకుంటూ నవ్వారు.

"ఇందులో కొత్తేటుందే గుంటా? షిఫ్టు మారినప్పుడు ఛార్జి ఇచ్చుకోడమే కదేటి. మేమూ నిలబడే చెప్పుకునేవోళ్ళం. కూకుంటే కబుర్లొస్తాయి."

"కానీ వాళ్ళు నిజం చెప్పట్లేదు మావయ్యా. సబ్ లోగ్ హో జాయేగా అంటారు."

"నువ్వేటని అడుగుతున్నావు?"

"ఏం అయిందీ అని."

"అదే తప్పు. అయిన పని అదే అగుపడతాది. ఆగిన పని ముందు చెప్పమను. చెప్పినోడి మీద కోప్పడకు. ఒక్కసారి కోప్పడినావో, మరింక చెప్పరు."

తను కుర్రతనంలో ఒకసారి ఛార్జి ఇచ్చేటప్పుడు ఆగిన పనొకటి అలా దాచారట. తర్వాతి షిఫ్టులో వచ్చినాయన ఎనిమిది గంటలూ దాని వెనకే తిరిగి, నెల్లాళ్ళు ఈయనతో మాట్లాడలేదట. "తిట్టినా బాగుండును," అన్నారు.

అప్పటి నుంచి శనివారం వస్తే నేను రుఆబాంధాలో తేలేదాన్ని. చెప్పులు విప్పకముందే "ఏటాగిపోనాది?" అనేవారు. "పిల్లని ముందు కూకోనివ్వండి," అని అత్తయ్య లోపల్నుంచి కసిరేది. కార్డు మీద పని పేరు ఒక్కటే కాదు, మనిషి పేరు కూడా రాయాలని ఆయనే చెప్పారు. పని ఆగినవాడిని నలుగురిలో నిలదీయకుండా, తర్వాత వాడి కుర్చీ పక్కకి వెళ్ళి నిలబడమన్నారు. నాకు ఇప్పటికీ అంతకుమించి పెద్దగా ఏమీ తెలియదు.

ఇంతలో భిలాయి పక్కన జాముల్ వైపు ఒక చిన్న ఫ్యాక్టరీకి గేటు దగ్గర హాజరు వేసే ప్రోగ్రాం పని వచ్చింది. పనివాళ్ళు కార్డు చూపిస్తే హాజరు పడాలి. డ్యూటీ వేళ కాకపోతే వెనక్కి పంపాలి. ఇంతకీ అక్కడి డ్యూటీ వేళలేమిటి? ఆ ప్రశ్న మా ఐదుగురిలో ఒక్కరికీ రాలేదు. భిలాయి పిల్లలకి అదొక ప్రశ్నే కాదు, ప్లాంటులో షిఫ్టు మారే వేళలే డ్యూటీ వేళలు. ఆరు, రెండు, పది. నాన్నల డ్యూటీని బట్టే మా ఇళ్ళలో పొయ్యి వెలిగేది, ఆటలు ఆగేవి. లోకమంతా అలాగే నడుస్తుందనుకున్నాం. మాటల్లో ఒకసారి మావయ్యగారిని అడిగితే ఆయన కూడా, "ఆరు, రెండు, పది. ఇంకేటుంటాది?" అనేశారు.

ఒక గురువారం నుంచి ప్రోగ్రాం మొదలుపెట్టాలి. దానికి ఎనిమిది రోజుల ముందు, బుధవారం పొద్దున్న హాజరు కార్డులు ఇవ్వడానికి గేటు దగ్గరికి వెళ్ళాను. ఎనిమిదింటికి టెంపోల్లోంచి ముప్ఫై నలభై మంది ఆడవాళ్ళు దిగారు, ఠేకేదారు కింద కాంట్రాక్టు కూలీలుగా పనిచేసేవాళ్ళు. గేటు కాపలాదారు, "ఏ లోగ్ తో రోజ్ ఆఠ్ బజే ఆతే హై," అన్నాడు, వీళ్ళు రోజూ వచ్చేది ఎనిమిదింటికేనని. మా ప్రోగ్రాం వాళ్ళందరినీ వెనక్కి పంపేస్తుంది. ఆ రోజు కూలి పోయినట్టే.

ఎవరికీ చెప్పలేదు. ఈ పని సరిగ్గా నడిస్తేనే నన్ను ఈ బాధ్యతలో ఉంచుతానని, లేకపోతే ఇంకొకరికి ఇస్తానని భయ్యా అప్పటికే అన్నాడు. గురువారం, శుక్రవారం నిలబడి "సబ్ ఠీక్ హై" అని చెప్పాను. నేనే గుట్టుగా సరిచేద్దామని చూసి, ఉన్నదాన్ని ఇంకా పాడుచేశాను. నేను నేర్పుతున్న పాఠం నాకే అంటలేదన్నమాట.

శనివారం మావయ్యగారు ఎప్పట్లాగే అడిగారు.

"ఏటాగిపోనాది?"

"ఏం లేదు మావయ్యా."

"నేదా? మరా మొహమేటి?"

ఏడ్చేశాను. అంతా చెప్పాను. తిడతారనుకున్నాను. ఆయన చేతిలో టీ సాసరు కింద పెట్టారు.

"ఆరు, రెండు, పదని నీకు చెప్పింది నేనే కదే. ఇన్నేళ్ళు మన గేటే గేటనుకున్నాను. నువ్వూ అడగనేదు, నేనూ అడగనేదు." లేచి బూట్లు వేసుకున్నారు. "పద, ఇప్పుడడుగుదాం."

పని దిగే వేళకి స్కూటరు మీద జాముల్ చేరాం. బయటికొస్తున్న ఆడవాళ్ళని ఆపి, చేతులు కట్టుకుని నిలబడి అడిగారు. "హమన్ ఆఠ్ బజే ఆథన్ బాబూ," అంది ఒకావిడ. మేం వచ్చేది ఎనిమిదింటికే, టెంపో అప్పుడే దొరుకుతుంది అని. బస్తాలు ఎత్తేవాళ్ళు ఏడింటికే వస్తారని ఇంకొకావిడ చెప్పింది. నా దగ్గర కాగితం లేదు. మావయ్యగారు సుద్దముక్క తీసి ఆ వేళలన్నీ స్కూటరు పక్కరేకు మీద రాసేశారు. దారిపొడుగునా జనం మమ్మల్ని వింతగా చూశారు.

"భయ్యాతో మీరు మాట్లాడండి మావయ్యా," అని బతిమాలాను.

"నేను మాటాడితే ఆయనకి నేను తెలుస్తాను, నువ్వు తెలవవు. ఛార్జి నీది. నిలబడి నువ్వే చెప్పాలి."

సోమవారం పొద్దున్న చెప్పాను. 'అయిపోయినవి' వైపు ఉన్న కార్డుల్లో మూడు కాలేదని, తప్పు నాదని. భయ్యా మొహం ఎర్రబడింది.

"కబ్ పతా చలా?" ఎప్పుడు తెలిసిందని అడిగాడు.

"బుధవారం."

"ఔర్ ఆజ్ బతా రహీ హో?" అప్పుడు తెలిస్తే ఇవాళా చెప్పేది అని.

అప్పుడు మా అందరిలోకీ బాగా ప్రోగ్రాం రాసే అతను గొంతు సవరించుకుని, "మేరా భీ ఏక్ అట్కా హై," అన్నాడు, తనదీ ఒకటి ఆగిందని. ఇంకొకరిది కూడా ఆగి ఉందని తేలింది. భయ్యా గోడ దగ్గరికి వెళ్ళి ఒక్కో కార్డూ పీకి తనే మళ్ళీ వెనక్కి అంటించాడు. ఫ్యాక్టరీకి ఫోన్ చేసి వారం గడువు నన్నే అడగమన్నాడు. అడిగాను, ఇచ్చారు. మర్నాడు గోడ కార్డుల కట్ట ఎప్పట్లాగే నా చేతికే ఇచ్చాడు.

తర్వాత చాలా ఆఫీసులు, చాలామంది మనుషులు. ఈ పని గురించి పెద్ద పెద్ద పుస్తకాలు చదివినవాళ్ళు నా దగ్గర పనిచేశారు. నాకు భయపడకుండా ఆగిన పని చెప్పుకున్నవాళ్ళందరూ తెలియకుండానే మావయ్యగారికి రుణపడి ఉన్నారు. నేను ఆయనకి ఎన్నడూ నోరు తెరిచి కృతజ్ఞత చెప్పలేదు. ఎప్పుడైనా మొదలుపెడితే, "టీ చల్లారిపోతాది తాగు," అనేవారు. అందుకే ఇలా మీకు చెప్పుకుంటున్నాను.

వారం ఆలస్యంగా మొదలుపెట్టిన ఆ గురువారం ఆయన పిలవకుండానే జాముల్ వచ్చారు. కాపలాదారు కుర్చీ వేసినా కూర్చోలేదు, గేటు బయటే నిలబడ్డారు. మొదటి ఆవిడ కార్డు చూపించింది, హాజరు పడింది. ఆవిడ అటు చూడనైనా లేదు, వెనకావిడతో కబుర్లాడుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. ఒక్కొక్కరే వెళ్ళారు. అందరూ అయిపోయాక ఒకావిడ పరుగెత్తుకుంటూ వచ్చి కొంగుముళ్ళలో కార్డు వెతుక్కోవడం మొదలుపెట్టింది. చేతిలో ఉన్న అన్నం డబ్బా ఎవరికివ్వాలో తోచక పక్కనున్న మావయ్యగారికి ఇచ్చింది. కార్డు దొరికింది, హాజరు పడింది, డబ్బా సంగతి మర్చిపోయి లోపలికి పరుగుతీసింది. "బాయీ! ఓ బాయీ!" అని మావయ్యగారు గట్టిగా కేక వేశారు. ఆయనకి ఆ గేటు లోపలికి వెళ్ళే కార్డు లేదు. బూట్లతోనే మునివేళ్ళ మీద లేచి నిలబడి, రెండు చేతులతో ఆ డబ్బాని గేటు మీదుగా, వెనక్కి పరుగెత్తుకొచ్చిన ఆవిడకి అందించారు.