బాలయ్య ఇంట్లో వాన లెక్క

ముంబయి కరెంటు సంస్థ నాగ్‌పాడా ఫాల్టు విభాగంలో సూపర్‌వైజరుగా అది నా చివరి మే నెల. నా కింద ఒక లైన్‌మన్, ఒక జాయింటర్ ఉండేవారు. జాయింటర్ అంటే కేబుళ్లకు అతుకులు వేసేవాడు. అసలు పని అతనిది, సంతకం నాది.

కామాటిపురలో తెలుగువాళ్లుండే ఒక చాల్, అంటే వరుస గదుల పాత భవనం, నుంచి ఫిర్యాదు వచ్చింది. మీటర్ల గదిలో కటౌట్, అంటే వీధి కేబులు భవనంలోకి వచ్చే చోట ఉండే ఫ్యూజు పెట్టె, కాలిన వాసన వేస్తోందట. రెండో అంతస్తు బాలయ్య గారి కంప్యూటరు పగలూ రాత్రీ నడవడమే కారణమని, ఆయన కనెక్షన్ తీసేయాలని సొసైటీ సెక్రటరీ మల్లేశం రాశారు. రోగమూ, మందూ ఆయనే రాసిచ్చారు. నేనూ ఆయన మాట నమ్మి, కనెక్షన్ తొలగించే ఫారం నింపుకునే వెళ్లాను.

బాలయ్య లాదీలకు, అంటే నేల మీద పరిచే పలకలకు, పాలిష్ పట్టే పని చేసి మానేసిన మనిషి. కూతురు ఇచ్చిన పాత కంప్యూటరును వాతావరణ పరిశోధనకు అప్పగించారు. ఏదో విశ్వవిద్యాలయం వారు పెద్ద లెక్కను ముక్కలు చేసి ఇలాంటి ఇళ్లకు పంపుతారు. ఒక్కో ముక్క పూర్తి కావడానికి రోజులు పడతాయి. తెర మీద భూగోళం మెల్లగా తిరుగుతోంది. ఫ్యాను మాత్రం తిరగడం లేదు.

“దానికి కరెంటు తక్కువ పడొద్దని ఫ్యాను బంద్ జేసిండు, వదినె,” అంది ఆయన భార్య లక్ష్మమ్మ, విసనకర్రతో విసురుకుంటూ. “ఇయ్యాల బట్టలు ఆరుతయా అంటే తెల్వదంటడు. యాభై ఏండ్లకు ఆరుతయో లేదో జెప్తడంట.”

నేను ఫారం తీశాను. బాలయ్య నవ్వలేదు.

“మొన్న మల్లేశం ఫ్యూజు గుంజిండు, చెల్లె. తొమ్మిది దినాల లెక్క ఖరాబైంది. మా తాత వానల్లేకనే పాలమూరు ఇడిసి ఈడికొచ్చిండు. గా వాన లెక్కల నాది గూడ ఒక ముక్క ఉండనియ్యి.”

ఫారం మడిచి సంచిలో పెట్టాను. కింద మీటర్ల గదికి దిగి, చేయాల్సిన మొదటి పని అప్పుడు చేశాను. టాంగ్ టెస్టర్, అంటే తీగ చుట్టూ పట్టుకుంటే కరెంటు ఎంత పోతోందో చెప్పే పరికరం, ఒక్కో మీటరు తీగకూ పట్టించాను. కంప్యూటరు వాడకం రెండు మూడు పాత ఫ్యాన్లకు మించలేదు. ఒక్క తీగ దగ్గర అంకె ఎగిరింది. అది సెక్రటరీ గారిది. అదనపు లోడు మంజూరు చేయించుకోకుండా కొత్త ఏసీ పెట్టించారు. కటౌట్‌లో అతుకు ముందే వదులై ఉంది. ఆ బరువుకు అది మాడుతోంది. ఇంకొన్నాళ్లు చూడకుండా ఉంటే మీటర్ల గది అంటుకునేది.

“నాది చిన్న ఏసీ, మేడం,” అన్నారు మల్లేశం.

“చిన్నదే. అతుకు ఇంకా చిన్నది,” అన్నాడు జాయింటర్.

అతుకు మార్చాలంటే భవనమంతటికీ కరెంటు ఆపాలి. ఆ మాట వినగానే బాలయ్య కాస్త గడువు అడిగారు. కంప్యూటరు తన లెక్కను మధ్యమధ్యలో దాచుకుంటుందని, పద్ధతిగా ఆపితే ఆగిన చోటి నుంచే మొదలవుతుందని ఆయనే చెప్పారు. ఉన్నట్టుండి ఆగిపోతే దాచుకున్నదీ చెడిపోవచ్చు, భయమంతా అదే. పావుగంట గడువిచ్చాను. ఆయన దాన్ని ఆపి, తెర మీద బట్ట కప్పి, మా పని అయ్యేదాకా మీటర్ల గది గడప దగ్గరే నిలబడ్డారు.

కరెంటు వచ్చాక సగం చాల్ బాలయ్య గదిలోనే ఉంది. తెర మీద లెక్క ఎంతవరకు అయిందో చూపే అంకె ఆగిన చోటే కనిపించి, కాసేపటికి ఒకటి పెరిగింది. లక్ష్మమ్మ లేచి ఫ్యాను వేసింది. బాలయ్య అడ్డు చెప్పలేదు. లోడు మంజూరయ్యేదాకా ఏసీ వాడొద్దని నేను నోటీసు ఇచ్చిన మల్లేశం కూడా వచ్చి ఆ ఫ్యాను కిందే కూర్చున్నారు.

ఆ నెలాఖరున బాధ్యతలు అప్పగిస్తూ, నా తర్వాత వచ్చిన సూపర్‌వైజరుకు ఒక్క మాట చెప్పాను: ఫిర్యాదులో కారణం కూడా రాసి ఉంటే, ముందు రాసినవారి మీటరు చూడండి.