లచ్చవ్వ పెట్టెలోని దగ్గు మందు

కరోనా తగ్గిన మరుసటి చలికాలం. ఎల్లారెడ్డి దగ్గరి మా ఊర్లో నేను ఆశా కార్యకర్తగా ఉన్నాను. చదువు ఏడో తరగతి. గర్భిణుల పేర్లు రాసుకోవడం, ఇండ్లకు వెళ్లి చూడటం, తేడా కనిపిస్తే నా పైన ఉండే ఏఎన్ఎంకు, అంటే నర్సమ్మకు, చెప్పడం నా పని. మందు రాసే అధికారం నాకు లేదు.

ఎనిమిదో నెల స్వరూపను చూడటానికి వెళ్తే పట్టపగలే మంచం మీద తూగుతోంది. దగ్గు లేదు గానీ ఊపిరి తీస్తుంటే ఛాతీలో గురగుర వినిపిస్తోంది.

"మొన్నటిదాక ఇల్లెగిరిపోయేటట్టు దగ్గింది, ఆశమ్మా. దుబాయి మందు పూటకు రెండు మూతలు పోసిన. ఇగ సూడు, సప్పుడే లేదు," అంది స్వరూప అత్త లచ్చవ్వ.

ఆమె చిన్న కొడుకు సెలవు మీద వస్తూ తెచ్చిన సీసా అది. మా దిక్కు గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లు సబ్బులు, సెంట్లతో పాటు నొప్పుల మలాం, దగ్గు మందు కూడా తెస్తారు. అవి అత్త పెట్టెలోకి పోతాయి. ఎవరికి ఏది పోయాలో ఆమే చూసుకుంటుంది.

సీసా నిండా అరబ్బీ. ఏం రాసుందో తెలుసా అని అడిగాను.

"నాకు తెలుగే రాదు, అరబ్బీ ఏడ వస్తది? నీకొస్తదా?"

"నాకూ రాదవ్వా. అందుకే దవాఖానకు తీస్కపోతున్న."

సీసాను, స్వరూపను ఆటోలో ఎల్లారెడ్డికి తీసుకెళ్లాను. స్వరూప కడుపులోని బిడ్డ గుండె చప్పుడు నర్సమ్మ విని బాగుందన్నది. డాక్టరమ్మ సీసా వెనక చిన్న ఇంగ్లీషు అక్షరాలు చదివింది. దగ్గును అణచే ఆ మందులో మత్తు కూడా ఉందట. కాన్పు దగ్గర పడ్డప్పుడు తాగితే పుట్టే బిడ్డకు ఊపిరి మందగించవచ్చట. పైగా కఫం ఉన్న దగ్గును ఆపితే కఫం లోపలే నిలుస్తుందట. స్వరూపకు ఛాతీలో ఇన్ఫెక్షన్ ఉందని తేల్చి, సాయంత్రం దాకా ఉంచి చూసి, గర్భిణులకు పనికొచ్చే గోళీలు ఐదు రోజులకు రాసి పంపింది.

ఇంటికి రాగానే నేను లచ్చవ్వ మీద గొంతు పెంచి, "ఇగ ఈ పిల్లకు ఏ మందు పొయ్యకు, చెప్తున్న!" అన్నాను. నేను చేసిన తప్పు ఆ మాటే.

రెండు రోజులకు వెళ్తే స్వరూప ఆయాసపడుతోంది, ఒళ్లు కాలిపోతోంది. గోళీల పొట్లం విప్పనేలేదు.

"నువ్వే గదా ఏ మందు వద్దంటివి! పోస్తె తప్పు, పొయ్యకపోతె తప్పు. ఎట్ల సావాలె మీతోని?" అంది లచ్చవ్వ.

వెంటనే అంబులెన్సు పిలిపించాను. ఈసారి దవాఖానలో మూడు రోజులు ఉంచి సూదులిచ్చారు. జ్వరం దిగింది. నెల తిరగ్గానే ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే గట్టిగా ఏడ్చింది.

నిరుడు పని మానేసేదాకా నేనొక పద్ధతి తప్పలేదు. గర్భిణి దవాఖాన నుంచి వస్తే, ఆ ఇంట్లో మందు చేతికిచ్చే మనిషెవరో ముందు కనుక్కునేదాన్ని. వద్దన్న మందు, వేయమన్న మందు రెండూ ఆ మనిషి ముందు పెట్టి, ఏది ఎప్పుడు ఇవ్వాలో ఆమె నోటితోనే చెప్పించుకునేదాన్ని. మరునాడు వెళ్లి గోళీలు ఎన్ని మిగిలాయో చూసి వచ్చేదాన్ని.